ఊరు మారితే ఒళ్లు ఊరుకుంటుందా?

‘అమ్మానాన్నల్ని హైదరాబాద్ తెచ్చుకున్నాం. ఇల్లు బాగుంది. ఆసుపత్రి దగ్గర. మనవలు కళ్లముందే ఉన్నారు. అయినా రెండు నెలలు తిరిగేసరికి అమ్మకు నిద్ర పట్టడం లేదు. నాన్న సరిగా తినడం లేదు. ఊళ్లో అదుపులో ఉన్న బీపీ ఇక్కడికొచ్చాక పెరిగింది. మేమేం తక్కువ చేశాం?’ పెద్దవాళ్లను నగరానికి తెచ్చుకున్న పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది.

చాలా ఇళ్లలో తక్కువ చేసింది ఏమీ ఉండదు. ఎక్కువ చేయడమే ఒక్కోసారి చిక్కు తెస్తుంది. ఆ సంగతి కాసేపట్లో చూద్దాం.

అరవై, డెబ్బై దాటాక ఊరు మారేవాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనిపిస్తున్నారు. భర్త పోయాక కొడుకు దగ్గరకు చేరిన తల్లి ఉంటుంది. పొలం కౌలుకిచ్చి, కూతురు ఉండే అపార్ట్‌మెంట్‌లోనే ఫ్లాట్ అద్దెకు తీసుకున్న దంపతులు ఉంటారు. ఇప్పటికైనా నాకు నచ్చినట్టు బతుకుతానంటూ ఒంటరిగా వచ్చేసినవాళ్లూ ఉంటారు. కారణం ఏదైనా శరీరం మాత్రం ఆ మార్పును గమనిస్తుంది.

రైలు దిగినవాళ్ల పేట

సికింద్రాబాద్ స్టేషన్‌కు దగ్గర్లోని సీతాఫల్‌మండి, ఆ పక్కనే తార్నాక, మధ్యలో ఉస్మానియా క్యాంపస్. కొత్తవాళ్లు వచ్చి స్థిరపడటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. లాలాగూడలో రైల్వే వర్క్‌షాప్ 1893 నాటిది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా వలస వచ్చిందే. 1918లో తమిళనాడులోని కూనూరులో మొదలై, నలభై ఏళ్లు నిండాక 1958లో హైదరాబాద్‌కు మకాం మార్చింది. ఈ పేటల్లో రెండు మూడు తరాలు వెనక్కి వెళితే చాలా కుటుంబాల్లో వేరే ఊరి పేరే వినిపిస్తుంది.

అయితే అప్పట్లో వచ్చినవాళ్లు ఇరవైల్లో, ముప్పైల్లో ఉద్యోగానికి వచ్చారు. వర్క్‌షాపులో పక్క బెంచీవాడే స్నేహితుడయ్యాడు. క్వార్టర్స్‌లో ఎదురింటావిడ వదిన వరసైంది. జీతం, షిఫ్టు, పిల్లల బడి కలిసి వాళ్లను ఊళ్లో కలిపేశాయి. డెబ్బై ఏళ్లకు రైలు దిగినవాళ్లకు ఆ సదుపాయం లేదు. పొద్దున ఫలానా చోటికి వెళ్లాలని లేదు. వెళ్లకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లూ లేరు. పక్కింట్లో ఎవరుంటారో మూడు నెలలైనా తెలియదు. మాట కూడా కొత్తగా తగులుతుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆవిడ కూరగాయల బండి దగ్గర ఆనపకాయ అడిగితే, బండివాడు ఏం కావాలని మళ్లీ అడుగుతాడు. కుళాయి ఇక్కడ నల్లా, వెల్లుల్లి ఎల్లిగడ్డ. నవ్వుకునే విషయమే. కానీ రోజుకు పదిసార్లు ఇలా తడబడితే కొందరు బయటికి వెళ్లడమే మానుకుంటారు.

మార్కులు వేస్తే ఎంత?

జీవితంలో వచ్చే మార్పులు ఆరోగ్యం మీద ఎంత బరువు వేస్తాయో అంచనా కట్టడానికి అమెరికా వైద్యులు థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే 1967లో ఒక పట్టిక తయారు చేశారు. అందులో 43 సంఘటనలు ఉంటాయి. జీవిత భాగస్వామి మరణానికి అన్నిటికంటే ఎక్కువగా 100 మార్కులు, పదవీ విరమణకు 45. ఇల్లు మారడానికి వేసింది 20 మాత్రమే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఇల్లు ఒక్కటే మారదు కదా. జీవన పరిస్థితులు మారితే 25, గుడీ పూజల అలవాట్లు మారితే 19, నలుగురితో కలిసే తీరు మారితే 18, నిద్ర వేళలకు 16, తిండి అలవాట్లకు 15. అన్నీ కలిపితే 113. భర్త పోయిన ఏడాదిలోనే ఊరు మారిన తల్లికి లెక్క 213కు చేరుతుంది. ఆ పట్టికలో 150 దాటితే జబ్బు పడే అవకాశం పెరిగినట్టు, 300 దాటితే బాగా పెరిగినట్టు లెక్క.

అక్కడివాళ్ల కోసం చేసిన పట్టిక మన ఇళ్లకు అచ్చంగా సరిపోదు. అయినా దీనివల్ల ఒక విషయం తెలుస్తుంది. ఇల్లు మారడాన్ని ఆపలేకపోయినా, దాంతోపాటు మారే మిగతావాటిలో చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి. నిద్ర వేళ, భోజనం వేళ, పూజ, సాయంత్రం నలుగురితో మాటలు పాత పద్ధతిలో సాగితే ఒంటిమీద పడే బరువు చాలా తగ్గుతుంది.

వేళ తప్పితే ప్రమాదం

ఊళ్లో రాత్రి ఏడున్నరకే భోజనం చేసేవాళ్లు ఇక్కడ కొడుకూ కోడలూ ఆఫీసు నుంచి వచ్చేదాకా ఎదురుచూస్తారు. తొమ్మిదిన్నర, ఒక్కోరోజు పది. మధుమేహం ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ పాత వేళకే తీసుకుని భోజనం ఆలస్యం చేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమట, వణుకు, ఒక్కసారిగా ఆకలి, మాట తడబడటం దాని గుర్తులు. పెద్దవయసులో ఇవేవీ లేకుండా కేవలం అయోమయంగా కనిపించడమూ ఉంటుంది. అందరం కలిసి తిందామనే ప్రేమ మంచిదే. పెద్దవాళ్లకు మాత్రం వాళ్ల వేళకే పెట్టేయండి. ఆదివారం మధ్యాహ్నం ఎలాగూ కలిసి తినొచ్చు.

మందుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఊళ్లో డాక్టర్ రాసిన బీపీ మాత్ర ఒక కంపెనీది. ఇక్కడి డాక్టర్ అదే మందును మరో కంపెనీ పేరుతో రాస్తారు. పాతది ఇంకా మిగిలి ఉంది కదా అని రెండూ వేసుకుంటారు. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. కింద పడతారు. బయల్దేరే ముందే పాత డాక్టర్ దగ్గర మందుల అసలు పేర్లు, మోతాదులు ఒక కాగితం మీద రాయించుకోండి. పాత ఈసీజీ, చివరి రక్త పరీక్షలు, ఏ మందు పడదో ఆ వివరం, కంటి ఆపరేషన్ కాగితాలు ఒకే సంచిలో పెట్టి చేతిలో ఉంచుకోండి. వాటిని లగేజీ లారీలో వేయకండి. నెలకు సరిపడా మందులు అదనంగా తెచ్చుకుంటే కొత్త డాక్టర్‌ను నిదానంగా వెతుక్కోవచ్చు.

పడిపోవడం గురించి మరో మాట. పాత ఇంట్లో రాత్రి కళ్లు మూసుకునైనా బాత్రూముకు వెళ్లగలరు. అది ముప్పై ఏళ్ల అలవాటు. కొత్త ఇంట్లో మంచం దిగి కుడివైపు తిరగాలా, ఎడమవైపా అన్నది నిద్రమత్తులో గుర్తురాదు. మంచం దగ్గర్నుంచి బాత్రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపం, తడిస్తే జారని నేల, గోడకు పట్టుకునే కమ్మీ, ఇవి మొదటి రోజే ఉండాలి. వీలైతే మంచాన్ని పాత ఇంట్లో దిగే వైపుకే దిగేలా వేయండి.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. కోస్తా నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడి గాలి పొడిగా అనిపిస్తుంది. అక్కడిలా చెమట కారదు కాబట్టి నీళ్లు తాగాలన్న ధ్యాస ఉండదు. వయసుతో దాహమూ తగ్గుతుంది. నీళ్లను ఎంత తాగాలో గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ను అడగాలి. మిగతావాళ్లు దాహం వేయకపోయినా తాగుతుండాలి. ఊరి రుచి కోసం తెచ్చుకున్న ఆవకాయ జాడీ ఓదార్పే. కానీ రోజుకు అన్ని రకాలుగా కలిపి ఉప్పు 5 గ్రాములు మించకూడదని పోషకాహార సంస్థ చెబుతోంది. బీపీ పెరిగిందంటే ముందు ఆ జాడీ వైపు చూడండి.

దాగి ఉన్న మతిమరుపు

‘ఊళ్లో బాగానే ఉండేవాడు. ఇక్కడికొచ్చాక మతి పోయింది’ అని కొందరు అంటారు. తరచూ జరిగేది వేరు. జ్ఞాపకశక్తి తగ్గడం ఊళ్లోనే మొదలై ఉంటుంది. తెలిసిన దారులు, తెలిసిన ముఖాలు, రోజూ చేసే పనులు దాన్ని కప్పి ఉంచుతాయి. కొత్త చోట గ్యాస్ స్టవ్ వేరు, తలుపు గడియ వేరు, లిఫ్టులో బటన్లు. అక్కడ లోపం బయటపడుతుంది. కొత్త ఊరు దాని పుట్టుకకు కారణం కాదు. ఊరు మారిన నాలుగైదు నెలలకు కూడా ఇంటి దారి తెలియకపోతే, డబ్బు లెక్కలో పదేపదే తప్పులొస్తుంటే న్యూరాలజీ లేదా వృద్ధుల వైద్య నిపుణులకు చూపించాలి. బీ12 విటమిన్ లోపం, థైరాయిడ్ తేడా ఉన్నా మతిమరుపు వస్తుంది. వీటికి చికిత్స ఉంది.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి అయోమయంలో పడితే, రాత్రిళ్లు లేనివాళ్లు కనిపిస్తున్నట్టు మాట్లాడితే, దాన్ని కొత్త చోటు మీదికి నెట్టేయకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం పడిపోవడం, ఏదో మందు పడకపోవడం కారణం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పని చెప్పండి

మొదట్లో అన్న ‘ఎక్కువ చేయడం’ ఇదే. ‘అమ్మా, జీవితమంతా కష్టపడ్డావు, నువ్వింక ఏ పనీ చేయొద్దు. కూర్చో చాలు.’ ప్రేమతో అన్న మాటే. కానీ ఊళ్లో పాలు కాచడం, ముగ్గు వేయడం, చీటీపాట లెక్క చూడటం, పక్కింటి పిల్లకు జడ వేయడం ఆవిడ పనులు. వాటి కోసమే లేచేది, వంగేది, నడిచేది, నలుగురితో మాట్లాడేది. అవన్నీ ఒక్క రోజులో ఆగిపోయి, సోఫా, టీవీ మిగిలితే కండరాలు పలచబడతాయి, నిద్ర చెదురుతుంది, మనసు ముడుచుకుంటుంది.

1976లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ కనెక్టికట్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చిన్న ప్రయోగం చేశారు. ఒక అంతస్తు వాళ్లకు తమ గది ఎలా ఉండాలో, సినిమా ఏ రోజు చూడాలో మీరే తేల్చుకోండని చెప్పి, తలా ఒక మొక్క ఇచ్చి మీరే నీళ్లు పోసుకోవాలన్నారు. మరో అంతస్తు వాళ్లకూ మొక్క ఇచ్చారు. కానీ నీళ్లు మా సిబ్బంది పోస్తారు, మీ సౌకర్యాలన్నీ మేం చూసుకుంటామన్నారు. మూడు వారాలు తిరిగేసరికి మొదటి అంతస్తు వాళ్లలో చురుకు, ఉత్సాహం స్పష్టంగా ఎక్కువ కనిపించాయి.

తులసి కోటకు నీళ్లు పోయడం ఆవిడకే వదిలేయండి. కూరగాయలు ఆన్‌లైన్‌లో పది నిమిషాల్లో వస్తాయి, నిజమే. అయినా నాన్నకు సంచి ఇచ్చి బజారుకు పంపండి. ఆయన బేరం ఆడతారు, బండివాడు గుర్తుపడతాడు, నాలుగు రోజులు కనిపించకపోతే ‘పెద్దాయన రాలేదేం?’ అంటాడు. ఆ ఒక్క మాట ఏ మాత్రలోనూ దొరకదు. చేతిలో కొంత సొంత డబ్బు కూడా ఉండాలి. కూతురి ముందు చెయ్యి చాచాల్సి వస్తుందని దంతాల నొప్పి దాచుకునే తల్లులు ఉంటారు.

ఈ ప్రాంతానికి వచ్చినవాళ్లకు క్యాంపస్ పెద్ద వరం. 1939 నాటి ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు, చెట్ల నీడన పొద్దున్నే నడిచేవాళ్లు చాలామంది కనిపిస్తారు. గేటు దగ్గర అప్పటి నిబంధనలు కనుక్కుని వెళ్లండి. పెద్దవాళ్లకు వారానికి 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం, మూడు రోజులు ఒంటి నిలకడ పెంచే వ్యాయామాలు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మొదట పది నిమిషాలతో ప్రారంభించినా సరే, రోజూ అదే వేళకు, అదే దారిలో వెళ్లండి. పరిచయాలు అలాగే పుడతాయి. మొదటి వారం తల ఊపుతారు, మూడో వారం మీదే ఊరని అడుగుతారు. ఒంటరితనాన్ని చిన్నచూపు చూడొద్దు. దానివల్ల ఏటా 8.71 లక్షల మరణాలు సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో అంచనా వేసింది. చెవులు సరిగా వినపడనివాళ్లు ముందు వినికిడి పరీక్ష చేయించుకోవాలి. వినపడకే చాలామంది గుంపులోంచి తప్పుకుంటారు.

తలుపు మూయకముందు

పిల్లలు రమ్మంటే వచ్చినవాళ్లకూ, తామే కోరుకుని వచ్చినవాళ్లకూ తేడా ఉంటుంది. అందుకే పాత ఇల్లు వెంటనే అమ్మకండి. వేసవిలో ఓ నెల, చలికాలంలో ఓ నెల ఉండి చూడండి. భర్త పోయిన ఏడాది లోపల ఇంటి అమ్మకం మీద సంతకం పెట్టించడం ఎంత అవసరమో మరోసారి ఆలోచించండి.

కాగితాల పనులూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛను ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తారు. అది తీసుకునేవాళ్లు తాళం వేసే ముందు సచివాలయంలో మాట్లాడాలి. ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రాన్ని ఇప్పుడు ఫోన్లో ముఖం చూపించి ఇక్కడి నుంచే ఇవ్వొచ్చు. 70 ఏళ్లు దాటినవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చింది. ఏ కార్డయినా ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో జబ్బు రాకముందే కనుక్కోండి. రైల్వేలో చేసినవాళ్లకు లాలాగూడలో రైల్వే ఆసుపత్రి, ఆర్టీసీ వాళ్లకు తార్నాకలో ఆర్టీసీ ఆసుపత్రి ఉన్నాయి. అందరికీ ముషీరాబాద్‌లో గాంధీ ఆసుపత్రి ఉంది. చిన్న జబ్బులకు, బీపీ, షుగర్ పరీక్షలకు బస్తీ దవాఖానా చాలు.

కొత్త ఊరి దిగులు మొదటి వారాల్లో మామూలే. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేకపోయినా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయినా డాక్టర్‌కు చూపించండి. పెద్దవాళ్లు దిగులుగా ఉందని చెప్పరు. ఒళ్లు నొప్పులంటారు, కడుపులో బాగాలేదంటారు. ‘నేను పోతే మీకు సుఖం’ లాంటి మాట వస్తే ఆ రోజే వైద్యం అందాలి. మనసు బాగాలేనప్పుడు టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. వృద్ధులకు సంబంధించిన ఏ ఇబ్బందికైనా ఎల్డర్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. ఈ రెండు నంబర్లనూ పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.