లష్కర్‌కూ పల్లెకూ మధ్య: సైన్యం, రైతు, భూమి

మన మేడ్చల్, షామీర్‌పేట ఊళ్లలో పెద్దవాళ్లు సికింద్రాబాద్ అనరు, లష్కర్ అంటారు. లష్కర్ అంటే సైన్యం, సైన్యం దిగిన చోటు. షామీర్‌పేట నుంచి పట్నం పోవాలంటే హకీంపేట, బొల్లారం, అల్వాల్, తిరుమలగిరి దాటాలి. మేడ్చల్ నుంచి పోయేవాళ్లకు బోయిన్‌పల్లి దగ్గర కంటోన్మెంట్ తగులుతుంది. ఏ రోడ్డున పోయినా మిలిటరీ గోడ కనబడుతుంది. గోడకు అటు జవాను, ఇటు రైతు. "జై జవాన్, జై కిసాన్" అని 1965లో లాల్ బహదూర్ శాస్త్రి ఇద్దరినీ ఒక్క నినాదంలో కలిపారు. కానీ చరిత్రలో ఈ ఇద్దరి సంబంధం అంత తేలికైనది కాదు. మన హాస్టల్ తమ్ముళ్లకు దాన్ని వివరంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

జీతం ఎవరిచ్చారు?

1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ సైన్యం హైదరాబాద్ పక్కన ఉంటుంది, ఖర్చు నిజాం భరించాలి. ఆ సైన్యం దిగిన చోటుకే 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది.

మరి ఖర్చు ఎక్కడి నుంచి వచ్చింది? 1800లో మరో ఒప్పందం జరిగింది. సైన్యం ఖర్చు కింద బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో చాలా భాగాన్ని నిజాం కంపెనీకి ఇచ్చేశాడు. వాటినే దత్త మండలాలు అన్నారు. అంటే లష్కర్‌లో కవాతు చేసే సిపాయి కూడు కోసం ఎక్కడో కరువు నేలలో జొన్నలు పండించే రైతు శిస్తు కట్టాడన్నమాట. బొల్లారం కేంద్రంగా ఉన్న హైదరాబాద్ కంటింజెంట్ అనే మరో సైన్యం ఖర్చు, బాకీల కింద 1853లో బీరార్ కూడా కంపెనీ చేతికి పోయింది. ఈసారి భారం పత్తి రైతు మీద పడింది. ఏ ఒప్పందంలోనూ రైతును అడిగినవాళ్లు లేరు.

సైన్యం పల్లె నుంచి మనుషులను కూడా తీసుకుంది. లష్కర్ బోనాలు జరిగే ఉజ్జయినీ మహంకాళి గుడి కథ మనకు తెలిసిందే. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి బదిలీ అయ్యాడు. ఇక్కడ కలరా తగ్గితే అమ్మవారిని ప్రతిష్ఠిస్తానని మొక్కుకుని, 1815లో తిరిగి వచ్చి కర్ర విగ్రహాన్ని నిలిపాడని చెబుతారు. తుపాకీ పట్టినవాడి వెనక డోలీ మోసినవాడు కూడా ఉన్నాడని ఆ కథ గుర్తు చేస్తుంది.

అంబేడ్కర్ ఇంటి సంగతి

మనలాంటి వాళ్లకు సైన్యం మరో విధంగా కూడా అర్థమవుతుంది. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1891లో మహూ కంటోన్మెంట్‌లో పుట్టారు. తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు, సైనిక పాఠశాలలో చదువు చెప్పినవారు. ఊళ్లో బడి గడప తొక్కనీయని కులానికి కంటోన్మెంట్‌లో చదువు దొరికింది. తరువాత "యుద్ధ జాతులు" అనే సిద్ధాంతం తెచ్చి మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. 1941లో మహర్ రెజిమెంట్ ఏర్పడింది. సైన్యం ఒక తలుపు తెరవగలదు, అదే తలుపు మూయనూగలదు.

1948: వచ్చింది ఎవరి కోసం?

నిజాం కాలంలో మేడ్చల్ అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఒక తాలూకా. ఆ జిల్లా సర్ఫేఖాస్, అంటే శిస్తు నేరుగా నిజాం సొంత ఖజానాకు పోయేది. మిగతా తెలంగాణలో జాగీర్లు, దేశ్‌ముఖ్‌లు, పటేల్ పట్వారీలు. దొర గడీలో వెట్టి. మాదిగలు చెప్పులు కుట్టియ్యాలి, మాలలు మూటలు మోయాలి, చాకలి, మంగలి, కుమ్మరి ఎవరి పని వారు ఊరికే చేయాలి. యుద్ధకాలంలో లేవీ ధాన్యం కూడా తోడైంది.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకీ గుండుకు బలయ్యాడు. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఇంకోపక్క రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. షామీర్‌పేట మీదుగా పోయే రోడ్డు సిద్దిపేటకు చేరుతుంది. ఆ జిల్లాలోని బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న జరిగిన మారణకాండను జనం ఇప్పటికీ మరువలేదు.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు. "యూనియన్ మిలిటరీ వచ్చింది" అని పల్లెలు ఊపిరి పీల్చుకున్నాయి. ఇది నిజం. కానీ ఇదొక్కటే నిజం కాదు. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ఆ రోజుల్లో వేలాది ముస్లింలు హతమయ్యారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ మృతులు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. చనిపోయినవారిలో రజాకార్లతో సంబంధం లేని పేదలు ఎందరో ఉన్నారు.

తెలంగాణ జిల్లాల్లో మరొకటి జరిగింది. పట్నం పారిపోయిన దొరలు సైన్యం వెనక ఊళ్లకు తిరిగొచ్చారు. రైతులు పంచుకుని దున్నుకుంటున్న భూములు మళ్లీ అడిగారు. అదే సైన్యం ఇప్పుడు సంఘం వాళ్ల కోసం ఊళ్లు, అడవులు గాలించింది. పోరాట కాలంలో దాదాపు నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతు యోధులు చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. నిన్న రక్షించడానికి వచ్చిన బూటు చప్పుడు ఈరోజు దాక్కోమని చెప్పింది. జవాను మారలేదు. ఆజ్ఞ మారింది.

భూమి దక్కింది దేనివల్ల?

ఇక్కడ ఒక విషయం గమనించాలి. జె.ఎన్. చౌధురి సైనిక ప్రభుత్వం ఒకవైపు పోరాటాన్ని అణచివేస్తూనే, 1949 ఆగస్టు 15న జాగీర్దారీ రద్దు చట్టం తెచ్చింది. అంతకుముందు ఫిబ్రవరిలోనే సర్ఫేఖాస్ ప్రభుత్వంలో కలిసింది. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, రక్షిత కౌలుదారు అనే మాట పుట్టింది. ఆ చట్టం కిందే 1970లలో మన ప్రాంతంలో కొందరికి 38-ఇ సర్టిఫికెట్లు వచ్చాయి. రైతులు తిరగబడకపోతే ఈ చట్టాలు ఇంత త్వరగా వచ్చేవి కావని మేము అనుకుంటున్నాము. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించారు. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. తుపాకీతో తేలని విషయం మీద రైతు ఓటుతో తన మాట చెప్పాడు.

ఇప్పటి మాట

దేశ రక్షణకు నేల కావాలి. హకీంపేటలో విమాన దళం ఉంది, దుండిగల్ అకాడమీలో 1971 నుంచి శిక్షణ జరుగుతోంది. ఇవి మనకు గర్వకారణం. కానీ 1894 నాటి భూసేకరణ చట్టం పట్టాదారును మాత్రమే చూసింది, ఆ పొలంలో కూలి చేసేవాడిని చూడలేదు. 2013 చట్టం వచ్చాకే కౌలుదారు, వ్యవసాయ కూలీ కూడా నష్టపోయిన కుటుంబం లెక్కలోకి వచ్చారు. మన హాస్టల్‌లో ఎక్కువమందిమి అలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే.

మన తమ్ముళ్లు చాలామంది పొద్దున్నే లేచి పరుగు ప్రాక్టీసు చేస్తున్నారు, సైన్యంలో చేరాలని. మంచిదే. అయితే 2022లో వచ్చిన అగ్నిపథ్ ప్రకారం ఉద్యోగం నాలుగేళ్లు, అందులో 25 శాతం వరకే కొనసాగిస్తారు. ఆ ఏడాది జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో నిరసన హింసగా మారి, పోలీసు కాల్పుల్లో మన తెలంగాణ పల్లె యువకుడు ఒకడు చనిపోయాడు. కాబట్టి పరుగుతో పాటు పుస్తకం కూడా వదలకండి. నాలుగేళ్ల తర్వాత ఏం చేయాలో ముందే ఆలోచించుకోండి.

సైన్యం రైతుకు శత్రువూ కాదు, దానంతట అది మిత్రుడూ కాదు. దాన్ని నడిపే ప్రభుత్వం ఎవరిది, భూమి కాగితం ఎవరి పేరున ఉంది అన్నదే అసలు ప్రశ్న. రికార్డు పేరు పహాణీ అయినా, ధరణి అయినా, భూభారతి అయినా, దాన్ని చదివి ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పగలిగిన పిల్లవాడు ఇంటికొకడు కావాలి. సరిహద్దులో నిలబడే జవాను వెనక ఇంట్లో ఆ గుంట భూమి నిలిచి ఉండాలి. అప్పుడే శాస్త్రిగారి నినాదంలోని రెండు జైలకూ అర్థం ఉంటుంది.