ఒకుమురా-హాటా నమూనా

ఒకుమురా-హాటా నమూనా అనగా నగరాలలో రేడియో సంకేతం టవరు నుండి దూరం పోయేకొద్దీ ఎంత క్షీణిస్తుందో అంచనా వేయుటకు ఉపయోగించే సూత్రం. ఈ క్షీణతను మార్గ నష్టం అంటారు. దీని కొలమానం డెసిబెల్. ప్రతి 10 డెసిబెల్ల నష్టానికి సంకేతపు శక్తి పదో వంతుకు తగ్గుతుంది.

అడ్డంకులు లేని శూన్యప్రదేశంలో ఈ లెక్క సులభం. హెరాల్డ్ ఫ్రీస్ 1946లో ప్రచురించిన సూత్రం ప్రకారం దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతవుతుంది. నగరంలో భవనాలు తరంగాలను అడ్డగించి, చెదరగొడతాయి. ప్రతి గోడనూ లెక్కలోకి తీసుకోవడం సాధ్యం కాదు. అందుచేత జపాను ఇంజనీరు యోషిహిసా ఒకుమురా బృందం టోక్యో ప్రాంతంలో స్వయంగా కొలతలు తీసి, 1968లో గ్రాఫుల రూపంలో ప్రకటించింది. గ్రాఫుల నుండి విలువలు చదవడం శ్రమతో కూడిన పని. 1980లో మసహరు హాటా వాటిని సూత్రంగా మలచాడు.

ఉదాహరణకు టవరుపై యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు, ఫోను ఎత్తు 1.5 మీటర్లు, పౌనఃపున్యం 900 మెగాహెర్ట్జ్, దూరం 1 కిలోమీటరు అనుకుందాం. ఫ్రీస్ సూత్రం ప్రకారం నష్టం సుమారు 91.5 డెసిబెల్లు, హాటా సూత్రం ప్రకారం సుమారు 126. ఈ తేడా స్వల్పమైనది కాదు: అందే శక్తి దాదాపు 3,000 రెట్లు తక్కువ. మొదటి లెక్కను నమ్మి టవర్లను దూరదూరంగా నిలిపితే మధ్యనున్న వీధులలో ఫోన్లు పనిచేయవు.

ఈ సూత్రం 150 నుండి 1500 మెగాహెర్ట్జ్ వరకు, 1 నుండి 20 కిలోమీటర్ల దూరానికి, 30 నుండి 200 మీటర్ల ఎత్తు గల యాంటెన్నాలకు వర్తిస్తుంది. టోక్యో కొలతల నుండి పుట్టినది కనుక, ఇతర నగరాలలో స్థానిక కొలతలతో సరిదిద్దుకొని వాడటం మంచిది.