నీళ్ల గేజీ మామూలే.. ఆయిల్‌కే సెగ!

సూళ్లూరుపేట: పులికాట్ చేపలు, రొయ్యలతో చెన్నైకి బయలుదేరిన వ్యాను మంచు కరిగేలోగా గమ్యం చేరాలి. దారిలో ఇంజిన్ పట్టేస్తే సరుకుతోపాటు యజమాని బతుకుతెరువూ రోడ్డున పడుతుంది. వేరే ఇంజిన్ బిగించిన పాత వ్యాన్లకు ఈ ముప్పు అధికం.

నీళ్ల గేజీ ముల్లు కదలలేదని డ్రైవర్లు నిశ్చింతగా ఉంటారు. అది ఆయిల్ వేడిని చూపదు. సాధారణంగా 90 నుంచి 110 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే ఆయిల్, 130 దాటితే బాగా పలుచబడుతుంది. బేరింగుల మధ్య పొర తెగుతుంది. బాగా కాగిన ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆయిల్ లైటు మినుకుమంటే అదే తొలి హెచ్చరిక.

మెటడోర్ తరహా వ్యాన్లలో ఇంజిన్ ముందు సీట్ల నడుమ పెట్టెలో ఉంటుంది. అక్కడ గాలి అంతగా ఆడదు. పైగా, తెచ్చి బిగించిన ఇంజిన్‌కు మొదట ఉన్న ఆయిల్ కూలర్‌ను చోటు చాలక వదిలేయడమూ కద్దు.

ముందుగా ఆయిల్ మట్టం, గ్రేడు, రేడియేటర్‌కు గాలి వచ్చే దారి చూడాలి. అప్పటికీ వేడి తగ్గకపోతేనే కూలర్ అమర్చుకోవాలి. థర్మోస్టాట్ ఉన్నదైతే మేలు. కూలర్‌లో నిండే మేరకు ఆయిల్ అదనంగా పోయాలి. రేడియేటర్ గొట్టం ముక్కను ఆయిల్‌కు వాడితే ఉబ్బి పగులుతుంది. నిమిషాల్లో ఆయిల్ అంతా నేలపాలు.

శ్రీహరికోట దారిలో సరస్సు మీదుగా వీచే ఉప్పుగాలి కూలర్ అల్యూమినియం రెక్కలను తినేస్తుంది. వాటిని తరచూ మంచినీటితో, రెక్కలు వంగకుండా సన్నని ధారతో కడగాలి.

ఇంజిన్ మార్పునకు 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి పొంది, ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి.