మీకు తెలుసా? మజిలీ అంటే గుర్రం దిగే చోటు

పటం మీద బీదర్ నుంచి బోధన్‌కు ఒక గీత గీయండి. అది దాదాపు కామారెడ్డి జిల్లాలోని మా బిచ్కుందను ఒరుసుకుంటూ పోతుంది. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లు మీదికి వస్తూ ముందు బీదర్‌నూ తర్వాత బోధన్‌నూ పట్టుకున్నాడని చరిత్రలు చెబుతాయి. గుర్రాల దండు ఎక్కడ డేరాలు వేయాలో నిర్ణయించేది సేనాపతి కాదు, నీళ్ళు. ఈ దారిలో నీళ్ళంటే మంజీరే.

ఎన్ని నీళ్ళు కావాలో ఒకసారి లెక్క వేద్దాం. గుర్రం రోజుకు 25 నుంచి 50 లీటర్ల దాకా తాగుతుంది. ఎండలో బరువుతో నడిస్తే ఇంకా ఎక్కువే కావాలి. 1310లో ఓరుగల్లు రాజు ప్రతాపరుద్రుడు ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్‌తో సంధి చేసుకున్నప్పుడు 100 ఏనుగులు, 7,000 గుర్రాలు ఇచ్చాడని ఆ కాలపు చరిత్రకారుడు బరనీ చెప్పిన లెక్క. తలకు 30 లీటర్లే వేసుకున్నా ఆ గుర్రాలకు రోజుకు 2,10,000 లీటర్లు కావాలి. ఈ రోజుల్లో ఊళ్ళోకి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు 42 అన్నమాట! వచ్చిన దండు తన వెంట తెచ్చుకున్న గుర్రాలు వేరే. ఇంత దండు ఒక్క రాత్రి మకాం వేయాలంటే ఒకటి రెండు బావులు చాలవు, చెరువో ఏరో కావాలి. మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, 724 కిలోమీటర్లు నడిచి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ కొండలను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అక్కడికే వెళ్తాం.

గుర్రాలు ఆగితే దండు కూడా ఓడిపోతుందని తెలుసా? ఆ కాలంలో ఢిల్లీ కబుర్లు గుర్రాల మీదే వచ్చేవి. నాలుగు మైళ్ళకు ఒకచోట కొత్త గుర్రం సిద్ధంగా ఉండేదని యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు. 1323 కంటే ముందే, 1321-22లో, ఉలుగ్ ఖాన్ ఒకసారి ఓరుగల్లును ముట్టడించాడు. మధ్యలో ఈ టపా తెగిపోయి ఢిల్లీ నుంచి ఉత్తరాలు రావడం ఆగింది. సుల్తాను చనిపోయాడని పుకారు పుట్టింది. సర్దారులు ఎవరి దారి వారు చూసుకున్నారు, ముట్టడి చెదిరిపోయింది. వెనుదిరిగి దేవగిరి వైపు పోతూ ఉలుగ్ ఖాన్ ఆగిన చోట్లలో కోటగిరి ఒకటని చెబుతారు. మాకు మంజీర అవతలి ఒడ్డు వైపు ఉండే ఆ కోటగిరే. బస్సులో ఆ ఊరి బోర్డు చూసినప్పుడల్లా నాకు ఆ తెగిపోయిన టపా గుర్తొస్తుంది.

ఇలా ఆగే చోటుకు మనం వాడే "మజిలీ" అనే మాట అరబ్బీ "మంజిల్" నుంచి వచ్చింది. దాని ధాతువుకు అర్థం దిగడం. వాహనం మీద నుంచి దిగే చోటు కాబట్టి మంజిల్. ఆ మాట తెలుగులో ఎంత ఇమిడిపోయిందంటే మధిర సుబ్బన్న దీక్షితులు ఒక్కో మజిలీకి కథలల్లి "కాశీ మజిలీ కథలు" రాశారు. నిజంగా కాశీకి వెళ్ళిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు దాటాక కామారెడ్డి, ఆర్మూర్, నిర్మల్ మీదుగా నాగపూర్ దారి పట్టాడు. వెంట దాదాపు 100 మంది. ఆయన పల్లకీ బోయీల భుజాల మీద నడిచింది కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగను.

గుర్రం నిలబడే నిద్రపోతుందని అందరూ అంటారు. అది సగం నిజం. కాళ్ళలోని స్నాయువులు, కీళ్ళు ఒకదానికొకటి గొళ్ళెం పడినట్టు బిగుసుకోవడం వల్ల కండరాలకు శ్రమ లేకుండా నిలబడి కునుకు తీయగలదు. కానీ కలలు వచ్చే గాఢనిద్ర మాత్రం పడుకుంటేనే వస్తుంది. రోజు మొత్తం మీద అది నిద్రపోయేది 3 గంటలే. అందులో పడుకొని తీసే నిద్ర గంట కూడా ఉండకపోవచ్చు. భయం ఉన్న చోట గుర్రం పడుకోదు. మందగా ఉంటే ఒక్కటైనా నిలబడి కాపలా కాస్తుంది, మిగతావి నడుం వాలుస్తాయి. అందుకే కొండల్లో ఒంటి గుర్రంతో మకాం వేయడం దానికి శిక్ష. వరుసగా కొన్ని రోజులు పడుకోకపోతే నిలబడ్డ చోటే మోకాళ్ళు మడిచి కూలిపోతుంది. మరుసటి రోజు లోయ పక్కన సన్నటి దారిలో నడిపించాల్సింది ఆ గుర్రాన్నే. రాత్రి గుర్రానికి చదునైన, పొడిగా ఉన్న నేల ముందు చూసి, మన పక్క తర్వాత పరుచుకోవాలి.

గుర్రానికి వాంతి రాదు! గొంతు కింద జీర్ణాశయం మొదట్లో ఉండే కండరం ఒకవైపే తెరుచుకుంటుంది. తిన్నది విషమైనా, ఎక్కువైనా పైకి రాదు. కడుపు కూడా ఒంటితో పోలిస్తే చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లే. అందుకే కొంచెం కొంచెంగా రోజంతా మేస్తూనే ఉండాలి. అలసి వచ్చిన గుర్రానికి జాలిపడి ఒక్కసారిగా గింజలు దండిగా పెడితే కడుపు నొప్పితో తెల్లారేసరికి చనిపోవచ్చు. ముందు నీళ్ళు, తర్వాత గడ్డి, ఆ తర్వాతే దాణా. మా దిక్కు గుర్రం దాణా అంటే ఉలవ గుగ్గిళ్ళు. ఉలవలను ఇంగ్లీషులో హార్స్ గ్రామ్ అనేది అందుకే. నానబెట్టి, ఉడకబెట్టి పెట్టడం మన పెద్దల జాగ్రత్త. పచ్చి గింజ కడుపులో ఉబ్బుతుంది. పశువుల కోసం ఉడికించిన ఉలవల నీటిని పారబోయకుండా ఇంటికి తెచ్చి చింతపండు వేసి మరిగిస్తే అదే ఉలవచారు. పెళ్ళిళ్ళలో మీగడతో వడ్డించే ఆ చారు వెనక దాణా కుండ ఉంది. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అన్న సామెతను మనం విసుగ్గా వాడతాం గానీ, నాకు మాత్రం అందులో ఒక ధర్మం వినిపిస్తుంది.

కట్టెయ్యడం కూడా ఒక విద్య. దక్కనులో రౌతులు తలకు కట్టే తాడును అగాడీ అనేవారు, వెనక కాళ్ళకు కట్టి మేకుకు బిగించే తాడును పిఛాడీ అనేవారు. చెట్లు లేని నల్లరేగడి మైదానంలో అది సరిపోతుంది. అడవి కొండల్లో పద్ధతి వేరు. గుర్రాన్ని చెట్టు మొదటికి కడితే రాత్రంతా ముందరికాళ్ళతో తవ్వి వేళ్ళు బయటపెడుతుంది, బెరడు కొరుకుతుంది. చెట్టు చస్తుంది. రెండు చెట్ల మధ్య గుర్రం తల కంటే ఎత్తుగా ఒక మోకు లాగి కట్టి, దానికి పగ్గం వేలాడదీస్తే కాళ్ళకు తాడు చుట్టుకోదు, వేళ్ళూ బతుకుతాయి. మేపడానికి ముందరికాళ్ళకు బందం వేసి వదులుతారు. బందం వేసినా గుర్రం గెంతుతూ చాలా దూరం పోగలదు కాబట్టి ఒకరి కన్ను దాని మీద ఉండాల్సిందే.

ఇప్పుడు బాలాఘాట్ కొండలకు పోదాం. బిచ్కుంద నుంచి మద్నూర్, దెగ్లూర్ మీదుగా నాందేడ్ వైపు వెళ్తే లోహా తాలూకాలో మాలెగావ్ ఉంది. అక్కడ మార్గశిరంలో ఖండోబా యాత్ర జరుగుతుంది. గుర్రాలు, గాడిదలు, ఒంటెల అంగడి అక్కడ పెట్టింది పేరు. మహారాష్ట్ర నుంచే కాదు, తెలంగాణ, కర్ణాటకల నుంచి కూడా బేరగాళ్ళు వస్తారు. తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినిపించే మా జుక్కల్ ప్రాంతం వాళ్ళకు ఆ బేరం అర్థం కావడానికి దుభాషి అక్కర్లేదు. చలికాలం రాత్రి, గడ్డి మోపుల పక్కన, గుర్రాల వెంట వచ్చినవాళ్ళు అక్కడే పొయ్యి పెట్టుకొని అక్కడే పడుకుంటారు. గుర్రంతో మకాం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే విదేశీ వీడియోలు చూడనక్కర్లేదు, మాలెగావ్ పోయి రావచ్చు.

ఆ ఖండోబా ఎవరో కాదు, మన మల్లన్నే. ఆయనా గుర్రం మీది దేవుడే. ఖండోబాకు ముఖ్యమైన భార్యలు ఇద్దరు: వ్యాపారుల ఇంటి ఆడపడుచు మ్హాళ్సా, గొర్రెలకాపరుల పిల్ల బాణాయి. కొమురవెల్లి మల్లన్నకూ ఇద్దరే: బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. పేర్లు మారాయి, కులాలు దాదాపు మారలేదు. కొండల్లో మంద వెంట తిరిగే మనిషి, సరుకు మోసుకొని ఊరూరూ తిరిగే మనిషి, ఇద్దరూ దారిలో ఉండే దేవుణ్ణే కొలిచారు. దారిలో ఉండే దేవుడికి గుర్రం కాక మరేం వాహనం ఇస్తారు?

గుర్రంతో కొండల్లో మకాం వేయడం ఈ దేశంలో కొందరికి సరదా కాదు, బతుకు. మహారాష్ట్రలో ధన్‌గర్ కాపరులు వానలు తగ్గాక గొర్రెలతో పడమటి కనుమల వైపు కదులుతారు. ఇల్లంతా గుర్రం మీదే: వంట గిన్నెలు, పరుపు చుట్టలు, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలు, కోళ్ళు, నడవలేని పసిపిల్లలు. మగవాళ్ళు మందతో ముందు పోతారు. గుర్రాలను నడిపించేది, సాయంత్రం సామాను దింపి మకాం నిలబెట్టేది, పొద్దున్నే మళ్ళీ మూట కట్టేది ఆడవాళ్ళు. రెండు వైపులా బరువు సమానంగా పడకపోతే జీను ఒక పక్కకు జారి వీపు పుండవుతుంది. దుప్పటిలో ఒక్క మడత నలిగినా అంతే. ఏ తూనికరాయీ లేకుండా చేతి అంచనాతో రోజూ ఆ సమతూకం కుదర్చడం ఎంత పెద్ద నేర్పో ఆలోచించండి. ఎంత బరువు వేయాలన్నదానికీ హద్దుంది. గుర్రం ఒంటి బరువులో అయిదో వంతు దాటకపోవడం మంచిది. 250 కిలోల చిన్న గుర్రానికి జీనుతో కలిపి 50 కిలోలు.

వాళ్ళ గుర్రం పేరు భీమ్‌థడీ. భీమా నది ఒడ్డున పుట్టింది కాబట్టి ఆ పేరు. ఆ భీమ నారాయణపేట జిల్లా అంచున కృష్ణలో కలిసేది కూడా మన నేల పక్కనే. ఈ గుర్రం పొట్టిది, గట్టిది, రాళ్ళలో కాలు తప్పనిది. మరాఠా రౌతుల దండ్లలో పేరు మోసిన ఈ జాతి అంతరించిందనే చాలామంది రాసేశారు. నిజానికి అది గొర్రెల మందల వెనక మూటలు మోస్తూ బతికే ఉంది. 2024 జనవరిలో జాతీయ పశు జన్యు వనరుల సంస్థ కొత్తగా నమోదు చేసిన జాతుల్లో దానికి చోటు దొరికింది. దేశంలో నమోదైన గుర్రపు జాతుల్లో అది ఎనిమిదోది. అదే జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి మాచర్ల గొర్రె కూడా ఉంది. ఒక జాతిని కాపాడింది రాజుల శాలలు కాదు, చదువు రాని కాపరి కుటుంబాలు. ఈ మాట పాఠ్యపుస్తకంలో ఉండాలి.

ఎంత గట్టి గుర్రానికైనా జోరీగ కుడితే సర్రా రోగం రావచ్చు. జ్వరం, రక్తహీనత, కాళ్ళ వాపు, చివరికి చావు. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో పశువైద్యుడు గ్రిఫిత్ ఇవాన్స్ ఆ రోగం పట్టిన గుర్రాలు, ఒంటెల రక్తంలో తోకపురుగు లాంటి సూక్ష్మజీవిని చూశాడు. ఈ తెగ సూక్ష్మజీవి రోగం తెస్తుందని ప్రపంచంలో తొలిసారి తేలింది అప్పుడే. జోరీగలు ముసిరే వానాకాలం బురద గుంటల పక్కన గుర్రాల మకాం వేయకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. నీళ్ళ దగ్గరుండాలి, బురదకు దూరంగా ఉండాలి.

మరి తెలుగు నేలలో అసలైన కొండ గుర్రాలు ఎక్కడున్నాయి? మా కామారెడ్డి వైపు గుర్రం ఇప్పుడు పెళ్ళి బరాత్‌లోనే కనిపిస్తుంది. పాడేరు మన్యంలో అలా కాదు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, 1,600 మీటర్లు దాటిన శిఖరాలున్న ఆ కొండల్లో, రోడ్డు ఎక్కని గూడేలకు గుర్రమే బండి. మిరియాలు, కాఫీ గింజలు, పసుపు, అల్లం మూటలు వారపు సంతకు దిగేది దాని వీపు మీదే. ఉప్పు, బియ్యం పైకెక్కేదీ దాని మీదే. జి.మాడుగుల మండలంలో కొండ మీది బడికి రోజూ రావడానికి మాస్టారికి ఊరివాళ్ళే గుర్రం కొనిచ్చిన వార్త కొన్నేళ్ళ కిందట పత్రికల్లో వచ్చింది. ఆ వార్త చదివి సంతోషించాలా, రోడ్డు లేనందుకు బాధపడాలా తేల్చుకోలేకపోయాను. రెండూ కలిగాయి.

దిగుడులో మూట మెడ మీదికి జారకుండా తోక కింది నుంచి ఒక పట్టీ వేస్తారు. ఎక్కుడులో వెనక్కి జారకుండా రొమ్ముకు ఇంకొకటి. దారి నిటారుగా ఉన్న చోట మనిషి గుర్రం మీద కూర్చోడు, దిగి పక్కన నడుస్తాడు. రాత్రి ఎక్కడైనా ఆగాల్సి వస్తే చీకట్లో దాని చెవులు చూడాలి. రెండు చెవులూ విడివిడిగా తిరుగుతాయి, మనకంటే ముందే వింటాయి. రెండూ ఒకే వైపు తిరిగి కదలకుండా నిలిచాయంటే ఆ దిక్కున ఏదో ఉంది. మెత్తగా పక్కలకు వాలి ఉంటే మీరూ కళ్ళు మూసుకోవచ్చు.