తాగుడు మానాలనుకుంటున్నారా? ముందు నర్సమ్మకు చెప్పండి

(నెల్లిమర్ల మండల లబ్ధిదారుల కోసం: మద్యం, కాలేయ సమస్యలకు ప్రభుత్వ వైద్య సేవలు)

మాల వేసుకున్న రోజు నుంచి చుక్క ముట్టనని చాలామంది అనుకుంటారు. మంచి నిర్ణయమే. కానీ ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదకు రావచ్చు. మానొద్దని కాదు. వైద్యం తోడు లేకుండా మానొద్దు.

ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుంది?

ఆపిన కొన్ని గంటలకే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, ఇంట్లోవాళ్లను కూడా గుర్తుపట్టరు. ఇది గాలి సోకడం కాదు, జబ్బు. తాయెత్తుల కోసం తిరగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

నర్సమ్మ ఏం చేస్తారు?

మీ ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఉండే సీహెచ్‌ఓ నర్సింగ్ చదివినవారు. ఎంత తాగుతున్నారు, ఎన్నాళ్లుగా, పొద్దున్న లేవగానే కావాలనిపిస్తోందా అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రోజుకు రెండు క్వార్టర్లు తాగుతూ ఒకటే అని చెబితే వైద్యం లెక్క తప్పుతుంది. ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో మాట్లాడిస్తారు. అవసరమైతే పెద్దాసుపత్రికి పంపుతారు.

వార్డులో చేరితే నర్సులు కొన్ని గంటలకోసారి వణుకు, చెమట, నాడి చూస్తారు. దాన్నిబట్టి డాక్టరు మందుల మోతాదు మారుస్తారు. బీ1 విటమిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. బ్రిటన్‌లాంటి దేశాల్లో ఈ పనికి ప్రత్యేక శిక్షణ పొందిన సీనియర్ నర్సులు ఉంటారు. ఇంటికెళ్లాక మళ్లీ తాగాలనిపిస్తే రోగి ముందుగా మాట్లాడేది వాళ్లతోనే. మన ఊళ్లో మీరూ సీహెచ్‌ఓను అలాగే కలవండి.

కాలేయం సంగతి

కాలేయానికి కొవ్వు పట్టిన తొలి దశలో నొప్పి ఉండదు. అప్పుడే మానేస్తే చాలావరకు కోలుకుంటుంది. గట్టిపడితే, అంటే సిర్రోసిస్ వస్తే, పూర్తిగా మునుపటిలా కాదు. అయినా మానేసినవాళ్లు ఎక్కువకాలం బతుకుతారు.

ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు:
• కళ్లు పచ్చబడటం
• పొట్ట ఉబ్బడం, కాళ్ల వాపు
• రక్తపు వాంతులు, నల్లటి విరేచనాలు
• పగలు నిద్ర, రాత్రి మెలకువ, తికమక మాటలు

కామెర్లకు పసరు తాగించి రోజులు గడపకండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట

అమ్మా, తాగుడు మాన్పించే మాత్రలు కూరలో తెలియకుండా కలపకండి. ఆ మాత్ర పడ్డాక మద్యం తాగితే గుండెకు ప్రమాదం. డాక్టరు రాసి, తాగే మనిషికి చెప్పి ఇస్తేనే అది వైద్యం.

ఖర్చు, గోప్యత

మొదట విలేజ్ క్లినిక్‌కు వెళ్లండి. తర్వాత నెల్లిమర్ల ప్రభుత్వాసుపత్రి, విజయనగరం సర్వజన ఆసుపత్రి ఉన్నాయి. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు తీసుకెళ్లండి. చేరాల్సి వస్తే ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందా అని అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017 ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. ఊళ్లో తెలిసిపోతుందని భయపడి ఆగిపోకండి.

ఈ నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి

అంబులెన్స్: 108
ఆరోగ్య సలహా, ఎన్టీఆర్ వైద్య సేవ: 104
మానసిక ఆరోగ్యం (టెలీ మానస్): 14416
వ్యసన విముక్తి జాతీయ హెల్ప్‌లైన్: 14446

మీకు అవసరం లేకపోయినా, అవసరమున్న ఇంటికి ఈ పీడీఎఫ్ పంపండి.