పాత మారుతి 800కి కొత్త టైర్లు, కొత్త రిమ్ములు: టైర్ మీదున్న స్పెక్ షీట్ చదివాకే డబ్బులు తీయండి

ఫోన్ కొనాలంటే మనం నెల రోజులు రీసెర్చ్ చేస్తాం. ప్రాసెసర్ ఏంటి, ఛార్జింగ్ ఎన్ని వాట్లు, అప్‌డేట్స్ ఎన్నేళ్లు ఇస్తారు, అన్నీ చూస్తాం. అదే కారు టైర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం షాపులో అన్న ఏది చూపిస్తే అదే ఫైనల్. ఫోన్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ కొట్టొచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం రెంటచింతల దాటాక టైర్ పేలితే రీస్టార్ట్ బటన్ ఉండదు.

మా ఇంట్లో 1998 మోడల్ మారుతి 800 ఉంది. నాన్న వారానికోసారి మా నాయనమ్మని ఎక్కించుకుని నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల, గురజాల మీదుగా మాచర్ల వెళ్లొస్తారు. టైర్లు మార్చాల్సిన టైమ్ వచ్చింది. "నువ్వు సాఫ్ట్‌వేర్ కదరా, ఆన్‌లైన్‌లో చూసి ఏది మంచిదో చెప్పు" అన్నారు నాన్న. "అన్నా, ఎలాగూ మారుస్తున్నాం కదా, 13 ఇంచుల అల్లాయ్స్ వేద్దాం, లుక్ అదిరిపోద్ది" అన్నాడు మా తమ్ముడు. ఇద్దరికీ సమాధానం చెప్పాలంటే లెక్క చూడాల్సిందే. ఆ లెక్కే ఈ ఆర్టికల్. మీ ఇంట్లో ఉన్నది అంబాసిడర్ అయినా, ప్రీమియర్ పద్మిని అయినా పద్ధతి ఇదే.

ముందు స్పెక్ షీట్ చదువుదాం

800 టైర్ పక్కన "145/70 ఆర్12 69ఎస్" అని ఉంటుంది. ఇందులో ఒక్కో అంకె ఏం చెప్తుందంటే:

- 145: టైర్ వెడల్పు, మిల్లీమీటర్లలో.
- 70: టైర్ గోడ ఎత్తు, వెడల్పులో 70 శాతం. అంటే 101.5 మి.మీ.
- ఆర్: రేడియల్ టైర్.
- 12: రిమ్ వ్యాసం, ఇంచుల్లో.
- 69: లోడ్ ఇండెక్స్. ఒక్కో టైర్ 325 కిలోల బరువు మోయగలదు.
- ఎస్: గంటకు 180 కి.మీ. వరకు తట్టుకుంటుంది. టి అయితే 190, హెచ్ అయితే 210.

పాత కార్లకి ఇంకో భాష ఉంది. పద్మినికి 5.20-14, అంబాసిడర్‌కి 5.90-15 అని రాసి ఉండే టైర్లు. ఇక్కడ వెడల్పు కూడా ఇంచుల్లోనే. మధ్యలో ఆర్ లేకుండా గీత ఉందంటే అది రేడియల్ కాదు, పాతకాలం బయాస్ ప్లై టైర్. రేడియల్‌నీ బయాస్ ప్లైనీ ఒకే ఇరుసు మీద ఎప్పుడూ కలపకండి. మలుపులో రెండూ రెండు రకాలుగా వంగుతాయి, కారు ఒక పక్కకి లాగేస్తుంది. మారిస్తే నాలుగూ ఒకేసారి ఒకే రకానికి మార్చాలి.

ఇలాంటి పాత సైజుకి సరిపోయే రేడియల్ వెతకాలంటే ఇంట్లోనే ఒక టెస్ట్ చేయొచ్చు. గాలి సరిగ్గా ఉన్న టైర్ మీద నేల తాకే చోట చాక్‌పీస్‌తో గీత పెట్టండి, నేల మీద కూడా గీత పెట్టండి. టైర్ మీది గీత మళ్లీ నేలని తాకేదాకా కారుని మెల్లగా తోయండి. రెండు గీతల మధ్య దూరం టేపుతో కొలిస్తే అదే మీ చక్రం ఒక చుట్టు. కొత్త టైర్ చుట్టు దీనికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. మూడు శాతం దాటితే ఆలోచించాలి.

నాలుగు ఆప్షన్లు, ఒక కంపారిజన్

టైర్ మొత్తం ఎత్తు లెక్కకట్టడం సులువే. రిమ్ ఇంచుల్ని 25.4తో గుణించి, గోడ ఎత్తుకి రెట్టింపు కలపాలి.

1. 145/70 ఆర్12 (కంపెనీ సైజు): 507.8 మి.మీ. మన బేస్‌లైన్ ఇదే.
2. 155/65 ఆర్12 (టాటా నానో వెనక టైర్ సైజు): 506.3 మి.మీ. తేడా 0.3 శాతం తక్కువ. అంటే దాదాపు సమానం.
3. 145/80 ఆర్12 (పాత ఆల్టో సైజు): 536.8 మి.మీ. 5.7 శాతం ఎక్కువ.
4. 155/65 ఆర్13 (తమ్ముడి అల్లాయ్ కల): 531.7 మి.మీ. 4.7 శాతం ఎక్కువ.

మూడో ఆప్షన్ మన ఊళ్లలో బాగా నడుస్తుంది. రిమ్ అదే 12 ఇంచులు, కాబట్టి రిమ్ మార్చక్కర్లేదు. లోడ్ ఇండెక్స్ 74, అంటే టైర్‌కి 375 కిలోలు. కారు నేల నుంచి 14.5 మి.మీ. పైకి లేస్తుంది. గతుకుల రోడ్డు మీద ఇది ప్లస్సే.

మరి మైనస్? మీటర్ 80 చూపిస్తున్నప్పుడు నిజంగా మీరు 84.6లో వెళ్తుంటారు. వెయ్యి కిలోమీటర్లు తిరిగితే మీటర్ 946 మాత్రమే చూపిస్తుంది. "పెద్ద టైర్లు వేశాక మైలేజ్ పడిపోయింది" అనే మాటలో కొంత భాగం ఈ మీటర్ మాయే. అసలు సమస్య వేరే ఉంది. చక్రం పెద్దదైతే ప్రతి గేరూ కొంచెం పొడవైనట్టు లెక్క, లాగుడు తగ్గుతుంది. 800లో ఉన్నది 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. అయిదుగురిని ఎక్కించుకుని ఏసీ వేసుకుని కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కండి, ఆ 5.7 శాతం ఎక్కడుందో క్లచ్ వాసన చెప్పేస్తుంది. పైగా స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, గుంతలో దిగినప్పుడు టైర్ లోపల మడ్‌గార్డ్‌కి తగులుతుందేమో చూసుకోవాలి.

అల్లాయ్స్ సరే, బోల్టులు కుదురుతాయా?

అల్లాయ్ అంటే డిజైన్ ఒక్కటే కాదు. నాలుగు విషయాలు మ్యాచ్ కావాలి. ఫోన్‌కి బ్యాక్ కేస్ కొన్నట్టే, మోడల్ ఒక్క అక్షరం తేడా వచ్చినా కెమెరా హోల్ కుదరదు.

మొదటిది పీసీడీ. బోల్టులన్నీ ఏ వలయం మీద ఉన్నాయో దాని వ్యాసం. 800కి నాలుగు బోల్టులు, 114.3 మి.మీ. స్విఫ్ట్, శాంత్రో లాంటి వాటికి నాలుగు బోల్టులే కానీ 100 మి.మీ. కాబట్టి ఎవరో తీసేసిన స్విఫ్ట్ అల్లాయ్స్ చవగ్గా వస్తున్నాయని తెచ్చుకుంటే 800కి ఎక్కవు. బోల్టు రంధ్రాల్ని సాగదీసి ఎక్కిస్తామని ఎవరైనా చెప్తే అక్కడి నుంచి వచ్చేయండి. నాలుగు బోల్టుల కారుకి ఎదురెదురు బోల్టుల మధ్య దూరం కొలిస్తే పీసీడీ తెలిసిపోతుంది.

రెండోది ఆఫ్‌సెట్. రిమ్ మీద ఈటీ అనే అక్షరాల పక్కన ఉండే అంకె. రిమ్ మధ్యగీత నుంచి హబ్‌కి తగిలే ముఖం ఎంత దూరంలో ఉందో ఇది చెప్తుంది. ఇది తగ్గితే చక్రం బయటికి పొడుచుకొస్తుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ వీల్ బేరింగ్ మీద, సస్పెన్షన్ మీద బరువు పడే తీరు మారిపోతుంది. ఎక్కువైతే చక్రం లోపలికి వెళ్లి సస్పెన్షన్‌కి తగిలే ప్రమాదం.

మూడోది మధ్య రంధ్రం. ఇది హబ్ కంటే పెద్దగా ఉంటే మధ్యలో సరిపోయే రింగు వేయాలి, లేకపోతే స్పీడ్‌లో స్టీరింగ్ వణుకుతుంది. నాలుగోది నట్లు. నట్టు కూర్చునే చోటు కొన్ని రిమ్ములకి కోన్‌లా, కొన్నిటికి గుండ్రంగా, కొన్నిటికి చదునుగా ఉంటుంది. స్టీల్ రిమ్ నట్లనే అల్లాయ్‌కి బిగిస్తే బిగిసినట్టే అనిపించి తర్వాత వదులవ్వచ్చు. ఏ కొత్త రిమ్ వేసినా 50 నుంచి 100 కి.మీ. తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి చెక్ చేయించండి.

ఇక స్టీలా, అల్లాయా అనేది మా ఇంట్లో పల్నాటి యుద్ధం రేంజ్‌లో నడిచింది, కోడిపందెం ఒక్కటే తక్కువ. నిజం చెప్పాలంటే రెండూ మంచివే. స్టీల్ దెబ్బ తగిలితే వంగుతుంది, చాలాసార్లు సరిచేయొచ్చు. అల్లాయ్ గట్టి దెబ్బకి పగులుతుంది. "అల్లాయ్ అంటే తేలిక" అనేది కూడా ఎప్పుడూ నిజం కాదు. 13 ఇంచుల చవక అల్లాయ్, 12 ఇంచుల స్టీల్ రిమ్ కంటే బరువుగా ఉండొచ్చు. కొనే ముందు తూకం వేసి చూడండి, సిగ్గేమీ లేదు. ఇంకోటి, 800కి పవర్ స్టీరింగ్ లేదు. టైర్ వెడల్పు పెరిగితే పార్కింగ్‌లో ఆ బరువు మోసేది మీ చేతులే.

పల్నాడు టెస్ట్ కండిషన్స్

రివ్యూలు నగరం రోడ్ల మీద చేస్తారు. మన దగ్గర కథ వేరు. అద్దంకి - నార్కెట్‌పల్లి హైవే మీద సిమెంట్, సున్నం లారీల మధ్య నడపాలి. హైవే దిగి ఊళ్లలోకి వెళ్తే నాపరాయి ముక్కలు, వాటి అంచులు కత్తుల్లా ఉంటాయి. వానాకాలం నల్లరేగడి బురద. ఇలాంటి చోట టైర్ గోడ ఎత్తుగా ఉంటే రిమ్‌కి రక్షణ. లుక్ కోసం గోడ సన్నగా ఉండే టైర్ వేస్తే గుంత దెబ్బ నేరుగా రిమ్‌కే.

అసలు పరీక్ష ఎండ. రెంటచింతల పేరు ప్రతి వేసవిలో వార్తల్లో వస్తుంది, మీకు తెలిసిందే. ఉదయం 30 డిగ్రీల దగ్గర 26 పీఎస్ఐ గాలి పట్టారనుకోండి. పరుగులో టైర్ లోపలి గాలి 50 డిగ్రీలకి చేరితే ప్రెజర్ దాదాపు 28.7 అవుతుంది. ఇది మామూలే, టైర్ దీనికి తగ్గట్టే తయారవుతుంది. కాబట్టి మధ్యాహ్నం వేడి టైర్‌లో గాలి చూసి "ఎక్కువైంది" అని తీసేయకండి. గాలి తక్కువైన టైరే ఎక్కువ వంగి, ఎక్కువ వేడెక్కి పేలుతుంది. ఉదయం బండి తీయకముందే చూసుకోవాలి, కంపెనీ చెప్పిన అంకె దగ్గరే ఉంచాలి.

తయారీ తేదీ: అందరూ వదిలేసే స్పెక్

టైర్ గోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. నేను తిరిగిన ఒక షాపులో కొత్త టైర్ అని చూపించిన దాని మీద 3520 అని ఉంది. అంటే 2020 ఆగస్టు చివర తయారైంది, అప్పటికే దానికి అయిదేళ్లు దగ్గర పడ్డాయి. ధర మాత్రం కొత్తదానిదే. 12 ఇంచుల టైర్లు ఇప్పుడు పెద్దగా అమ్ముడుపోవు కాబట్టి పాత స్టాక్ మూలన పడి ఉండటం సహజం. "అన్నా, ఈ మధ్య వచ్చిన తేదీది తెప్పించు, రెండు రోజులు ఆగుతా" అని అడిగితే చాలామంది తెప్పిస్తారు.

పాత కార్లు తక్కువ తిరుగుతాయి. వాటి టైర్లు అరిగి పోవు, వయసైపోయి పోతాయి. గుండీలు కొత్తగా కనిపిస్తున్నా గోడల మీద సన్నటి పగుళ్లు ఉంటే ఆ టైర్ పని అయిపోయినట్టే. డిక్కీలో ఉన్న స్టెప్నీకి కూడా ఇదే రూల్. చట్టం ప్రకారం కారు టైర్ గాడి లోతు కనీసం 1.6 మి.మీ. ఉండాలి. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 15633 నంబర్ ఉన్నాయో లేదో చూడండి.

చట్టం ఏమంటుంది?

కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ దాటి వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది. చక్రం బాడీ దాటి బయటికి వచ్చే మార్పులు చేస్తే చెకింగ్‌లోనూ, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ ప్రశ్నలు రావచ్చు.

ఇంకో సంగతి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా ఉన్న సొంత వాహనానికి వింటేజ్ గుర్తింపు వస్తుంది. మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చింది 1983 డిసెంబర్ 14న. అంటే తొలి 800లు 2033 చివరికి వింటేజ్ అవుతాయి. 2014లో ఈ కారు తయారీ ఆగిపోయింది, కాబట్టి ఒరిజినల్ భాగాలు ఏటేటా తగ్గుతూనే ఉంటాయి. అల్లాయ్స్ వేసుకున్నా సరే, పాత రిమ్ముల్ని మాత్రం పాత ఇనుప సామాన్ల బండికి వేయకండి. తుడిచి, రంగేసి అటక మీద పెట్టండి.

ఫైనల్ వెర్డిక్ట్

కారుని నాలాగా రోజువారీ పనికి వాడేవాళ్లకి నా ఓటు కంపెనీ సైజుకే, 145/70 ఆర్12. మీటర్, గేర్లు, స్టీరింగ్, అన్నీ డిజైన్ చేసినట్టే పనిచేస్తాయి. అది దొరక్కపోతే 155/65 ఆర్12 దగ్గరి ప్రత్యామ్నాయం, మీ రిమ్ వెడల్పుకి సరిపోతుందో లేదో షాపులో అడిగి తీసుకోండి. రోజూ గతుకుల్లో, ఒకరిద్దరితో, మెల్లగా తిరిగేవాళ్లు 145/80 ఆర్12 ఆలోచించొచ్చు, కానీ మీటర్ తేడా గుర్తుపెట్టుకోవాలి. 13 ఇంచుల అల్లాయ్స్ ఆదివారం ఫొటోల కారుకి ఓకే, పీసీడీ 114.3, సరైన ఆఫ్‌సెట్ దొరికితేనే.

మా కారుకి కంపెనీ సైజులోనే స్టెప్నీతో కలిపి అయిదు టైర్లు ఫిక్స్ చేశాం. లుక్ కావాలన్న తమ్ముడి కోసం పాత స్టీల్ రిమ్ముల తుప్పు తీయించి సిల్వర్ పౌడర్ కోటింగ్ వేయించాం. ఇక్కడ ఒక టిప్: నట్టు కూర్చునే చోట, టైర్ అంచు ఆనే చోట మందంగా కోటింగ్ పడకుండా ముందే చెప్పండి. మందం ఎక్కువైతే నట్లు వదులవుతాయి, గాలి కారుతుంది. కోటింగ్‌కి ఇచ్చే ముందే రిమ్ వంకర కూడా చూసుకోవాలి. జాకీ మీద చక్రం తిప్పుతూ పక్కన పుల్ల కదలకుండా పట్టుకుంటే ఎక్కడ ఊగుతుందో తెలిసిపోతుంది.

షాపుకి వెళ్లేటప్పుడు ఫోన్‌లో అయిదు విషయాలు నోట్ చేసుకోండి: సైజు, లోడ్ ఇండెక్స్, తయారీ వారం, పీసీడీ, ఆఫ్‌సెట్. రెండు టైర్లే మార్చే బడ్జెట్ ఉంటే కొత్తవి వెనక వేయించండి, తడి రోడ్డు మీద కారు వెనక భాగం జారకుండా ఉంటుంది. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించకుండా బయటికి రాకండి.