ఒకే ద్వారము, ఇద్దరు వైద్యులు

కడుపునకు శస్త్రచికిత్స జరుగునపుడు రోగి తలవైపు మత్తువైద్యుడు నిలుచును. ఉదరము కడ శస్త్రవైద్యుడు నిలుచును. ఎవరి చోటు వారిది. చికిత్స కంఠములోనే జరుగవలసి వచ్చినచో ఈ పంపకము చెల్లదు. శస్త్రవైద్యుని పనిముట్లకును, రోగి ఊపిరికిని ఒకటే సన్నని దారి. అందు గొట్టముంచినచో కత్తికి చోటు లేదు. గొట్టము తీసినచో రోగికి గాలి లేదు.

1878లో గ్లాస్గో నగరమున విలియం మెకెవెన్, నాలుక మొదట కాన్సరు గల యొక రోగికి నోటిగుండ శ్వాసనాళములోనికి గొట్టము పంపి, దాని ద్వారా క్లోరోఫారమిప్పించి శస్త్రచికిత్స చేసెను. నెత్తురు ఊపిరితిత్తులలోనికి జారకుండ గొట్టము చుట్టును స్పంజితో మూసెను. ఆ గొట్టము ప్రాణరక్షకమైనది. కాని స్వరతంత్రుల మీదనే పని పడినప్పుడు అదియే అడ్డు. 1967లో సాండర్స్ అను వైద్యుడు, బ్రాంకోస్కోపులో సన్నని మొననుండి ప్రాణవాయువును వేగముగా చిమ్ము ఉపాయమును ప్రకటించెను.

ఊపిరి కదలికయే లేకున్నను ప్రాణవాయువు అందునా? అందును. నెత్తురు ఊపిరితిత్తుల నుండి నిమిషమునకు సుమారు 250 మిల్లీలీటర్ల ప్రాణవాయువును గైకొనును. కదలిక లేనప్పుడు బదులుగా వచ్చు బొగ్గుపులుసు వాయువు అతిస్వల్పము. తక్కినది దేహములోనే నిలిచిపోవును. అందుచే లోపల వెలితి యేర్పడి, గొంతులో నున్న ప్రాణవాయువు తనంతట లోనికి లాగబడును. దారి తెరచియుండుట మాత్రము ముఖ్యము. 1959లో ఫ్రుమిన్ బృందము ఎనిమిదిమంది రోగులలో 55 నిమిషముల వరకు దీనిని నిరూపించెను. 2015లో పటేల్, నూరై అను వైద్యులు, వెచ్చజేసి తేమపరచిన ప్రాణవాయువును నిమిషమునకు 70 లీటర్ల చొప్పున ముక్కుగుండ పంపి, ఊపిరి నిలిచిన 25 మంది రోగుల అనుభవమును వెల్లడించిరి. ఊపిరి లేని కాలము వారిలో 5 నుండి 65 నిమిషములు.

అయినను ఈ గడువు అప్పుగా దొరకినదే. బొగ్గుపులుసు వాయువు బయటికి పోక పేరుకొని నెత్తురును ఆమ్లమయము చేయును. స్థూలకాయులకు, ఊపిరితిత్తుల జబ్బుగలవారికి గడువు తక్కువ. లేజరు కిరణము వాడుచోట ప్రాణవాయువు మంటకు తోడగును.

కావుననే మత్తునకు ముందు కొన్ని నిమిషములు స్వచ్ఛమైన ప్రాణవాయువును పీల్పించి ఊపిరితిత్తులను నింపుదురు. మామూలు గాలితో నిండినవి ఒకటి రెండు నిమిషములకే వట్టిపోవును. ఆరోగ్యవంతునిలో ఈ నిలువ పలు నిమిషములు కాచును. వ్రేలికి తగిలించిన యంత్రములో అంకె తగ్గుట కనబడునప్పటికే లోపలి నిలువ చాలవరకు తరిగియుండును. అందుచే ఎప్పుడాగవలెనో, ఆగినపిమ్మట గొట్టమెట్లు వేయవలెనో ఇరువురు వైద్యులును ముందే మాటాడుకొందురు. మత్తువైద్యుడు ఆగుమన్న తక్షణమే, పని సగములో నున్నను, శస్త్రవైద్యుని చేయి వెనుకకు రావలెను.